మేడమ్ క్యూరీ గారి ఎక్స్‌రే కారు

పోయిన కార్తీకంలో మా అత్తగారు తులసికోట దగ్గర తడిమీద కాలుజారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ అంటే ముందు గుండె, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడాలి కదా, ఛాతీకి కూడా ఎక్స్‌రే తీయించమన్నారు. అలా ఆ ఆస్పత్రిలో ఎక్స్‌రే గది ముందు బల్లమీద నేను రెండు పూటలు కూర్చున్నాను. కథలు రాసుకునేదాన్ని కనక ఊరికే కూర్చోలేను. నలుగురినీ చూస్తూ ఉంటాను.

మొదటిపూట చూసింది ఇదీ. బల్లమీద పదిహేనుమందిమి ఉన్నాం. లోపల లక్షలు పోసి కొన్న మెషీను. దాన్ని నడిపే అమ్మాయి ఒక్కతే. రిజిస్టరులో పేర్లు రాయడం ఆ పిల్లే, బయటికొచ్చి పిలవడం ఆ పిల్లే, స్ట్రెచరు తోయడం ఆ పిల్లే. పేషెంటు లోపలికి వెళ్ళాక గొలుసు తీయండి, జడపిన్నులు తీయండి అని చెప్పడం, వాళ్ళు ఒక్కొక్కటే తీసి ఎవరి చేతిలో పెట్టాలో తెలీక దిక్కులు చూడడం. ఈలోపల మెషీను ఖాళీగా ఉంది, బయట మేమూ ఖాళీగానే ఉన్నాం. మా అత్తగారి వంతు వచ్చేసరికి పుస్తెలతాడు తీయనని ఆవిడ పట్టుబట్టారు. ఇంట్లో మామగారు నిక్షేపంగా ఉండగా మెడ బోసిగా పెట్టుకోనన్నారు. బతిమాలి ఒప్పించేసరికి పావుగంట. తీరా తీశాక రవికెకి పెట్టిన పిన్నీసు ఒకటి ఫొటోలో పడింది. మళ్ళీ తీశారు.

రెండోరోజు ఆపరేషన్ అయ్యాక మళ్ళీ వెళ్ళాం. ఆ పూట డ్యూటీకి ఒక పెద్దావిడ, ఆయా, వచ్చింది. ఆవిడ వస్తూనే బల్లమీది ఆడవాళ్ళందర్నీ ఒకసారి చూసి, ఛాతీ ఎక్స్‌రే ఎవరికో, కాలికి ఎవరికో కనుక్కుంది. ఛాతీకైతే గొలుసులు, పిన్నీసులు, జడపిన్నులు ముందే తీయించి వాళ్ళ వాళ్ళ చేతిసంచుల్లోనే పెట్టించింది. పుస్తెలు తీయనన్నవాళ్ళ కోసం కొంగున పసుపుతాడు ఉండ ఒకటి కట్టుకుని వచ్చింది! ఒకరు బయటికి వస్తుంటే ఇంకొకరు తయారుగా గుమ్మంలో ఉన్నారు. లోపలి అమ్మాయికి ఫొటో తీయడం ఒక్కటే పని. నిన్న మధ్యాహ్నం మూడయినా తెమలని మంది ఈవేళ పదకొండున్నరకి ఇళ్ళకి వెళ్ళిపోయారు. మెషీను అదే, జీతాలూ అవే.

కాని ఆ పూటే ఇంకోటి కూడా చూశాను. ఒక పసివాడు కాళ్ళు కదలనివ్వడంలేదని ఆ ఎక్స్‌రే అమ్మాయి తనే పట్టుకుని నుంచుంది. సీసపు ఏప్రన్ గోడకి మేకున వేలాడుతోంది. అంత బరువుది వేసుకుని తీసేలోపల ఇంకో ఇద్దరయిపోతారని కాబోలు, దాన్ని ముట్టుకోలేదు. నా గుండె గుభిల్లుమంది. ఎందుకంటే ఇంటర్ అయిన మా అమ్మాయి ఎక్స్‌రే, స్కానింగుల చదువే చదువుతానని అప్పటికి నెలరోజులుగా పోరుతోంది. మావారు ఆ కిరణాల మధ్య ఆడపిల్లేమిటని ఒప్పుకోవడంలేదు. నేను ఎటూ చెప్పలేక ఉన్నాను.

ఎటూ తేలనప్పుడు పుస్తకాలు తీయడం నా అలవాటు. డిగ్రీ రోజుల్లో చదివి మర్చిపోయిన మేడమ్ క్యూరీ జీవితం మళ్ళీ చదివాను. రేడియం కనిపెట్టిన ఆవిడగా మనందరికీ తెలుసు. కాని ఆవిడ ఒక దేశం మొత్తానికి ఎక్స్‌రే శాఖ నడిపిందని, అదీ డబ్బు లేకుండా, మనుషులు లేకుండా, యుద్ధం మధ్యలో నడిపిందని మనలో ఎంతమందికి తెలుసు?

వార్సా పిల్ల

ఆవిడ అసలు పేరు మరియా స్క్లొడోవ్‌స్కా. 1867 నవంబరు 7న పోలండులోని వార్సాలో పుట్టింది. అప్పుడు ఆ ఊరు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి లెక్కలు, ఫిజిక్సు చెప్పే మాస్టారు. తల్లి ఆడపిల్లల బడి నడిపింది. అయిదుగురు పిల్లల్లో మరియా ఆఖరిది. పెద్దక్క టైఫస్ జ్వరంతో పోయింది. మరియాకి పదేళ్ళప్పుడు, 1878లో, తల్లి క్షయతో పోయింది.

వార్సా యూనివర్సిటీలో ఆడపిల్లలకి ప్రవేశం లేదు. చదువుకోవాలంటే పారిస్ వెళ్ళాలి. వెళ్ళడానికి డబ్బు లేదు. అప్పుడు మరియా, రెండో అక్క బ్రోన్యా కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ముందు అక్క పారిస్ వెళ్ళి డాక్టరు చదువుతుంది, చెల్లెలు ఒకరింట పిల్లలకి చదువు చెప్పి ఆ జీతంలోంచి డబ్బు పంపుతుంది. అక్క చదువయ్యాక చెల్లెల్ని పిలిపించుకుంటుంది. మాటంటే మాటే. మరియా ఊరుకాని ఊళ్ళో ఒక జమీందారీ కుటుంబంలో మూడేళ్ళు దాటి గవర్నెస్‌గా పనిచేసింది. 1891లో, ఇరవైనాలుగేళ్ళ వయసులో, పారిస్ రైలెక్కింది.

సోర్బాన్ యూనివర్సిటీలో 1893లో ఫిజిక్సు డిగ్రీలో మొదటి స్థానం, 1894లో లెక్కల్లో రెండో స్థానం. 1895 జూలైలో పియరీ క్యూరీతో పెళ్ళి. పెళ్ళిబట్టలు కొనుక్కోమంటే లేబొరేటరీలో కూడా కట్టుకోవడానికి పనికొచ్చే ముదురు రంగు దుస్తులు కుట్టించుకుంది. చూశారా, పొదుపు అక్కణ్ణించే మొదలు. కాపురానికొచ్చాక ఇంటిఖర్చుల పుస్తకం ఒకటి కొని పైసాతో సహా రాసేది. పళ్ళతో జామ్ చేస్తే ఎన్ని పౌన్ల పండుకి ఎంత పంచదార పట్టిందో కూడా రాసి పెట్టుకునేది. కొలిచి చూడకుండా ఏదీ నమ్మని మనిషి.

ఆ పెళ్ళయిన నాలుగు నెలలకే, 1895 నవంబరు 8న, జర్మనీలో రాంట్‌జెన్ అనే ప్రొఫెసరు ఎక్స్‌కిరణాలు కనిపెట్టాడు. ఆయన తీసిన ఫొటోల్లో లోకమంతా చూసింది ఆయన భార్య చెయ్యి. వేళ్ళ ఎముకలు, ఒక వేలికి ఉంగరం నల్లటి ముద్దలా. మా అత్తగారి పిన్నీసు గుర్తొచ్చి నవ్వుకున్నాను. నగలు తీయకుండా ఎక్స్‌రే తీయించుకోవడం మనతో మొదలవలేదన్నమాట!

మిగతా కథ మీకు తెలిసిందే కనక క్లుప్తంగా చెబుతాను. 1898లో క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం అనే రెండు కొత్త మూలకాలు ఉన్నాయని ప్రకటించారు. వాన కారే పాత షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజాన్ని ఉడకబెట్టి, వడకట్టి, 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం లవణం తీసింది. 1903లో భర్తతో, బెకెరెల్‌తో కలిపి ఫిజిక్సులో నోబెల్ వచ్చింది. రేడియం తీసే పద్ధతి మీద హక్కులు రాయించుకుని ఉంటే కోటీశ్వరులయ్యేవారు. అది అందరిదీ అని వదిలేశారు.

1906 ఏప్రిల్ 19న వానలో రోడ్డు దాటుతూ పియరీ గుర్రపు బండి కింద పడి చనిపోయాడు. పెద్దపిల్ల ఐరీన్‌కి ఎనిమిదేళ్ళు, చిన్నది ఈవ్‌కి ఏడాదిన్నర. భర్త చెప్పే పాఠాలు ఆపిన చోటు నుంచే ఆవిడ సోర్బాన్‌లో అందుకుంది. అక్కడ పాఠం చెప్పిన మొదటి స్త్రీ ఆవిడే. 1911 జనవరిలో ఫ్రెంచి సైన్స్ అకాడమీ కొద్దిపాటి ఓట్ల తేడాతో ఆవిణ్ణి కాదంది. అదే ఏడాది చివర్లో పత్రికలు ఆవిడ సొంత జీవితాన్ని వీధికెక్కించాయి. బహుమతి తీసుకోవడానికి రాకపోతే మంచిదని నోబెల్ పెద్దల్లో ఒకరు ఉత్తరం కూడా రాశారు. ఆవిడ వెళ్ళింది. కెమిస్ట్రీలో రెండో నోబెల్ తన చేతుల్తో అందుకుని వచ్చింది.

మెషీన్లున్నాయి, రోగుల దగ్గర లేవు

1914 వేసవిలో పారిస్‌లో ఆవిడ కోసం రేడియం ఇన్‌స్టిట్యూట్ కట్టడం పూర్తయింది. పని మొదలుపెట్టేలోపల ఆగస్టు 3న జర్మనీ ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది. కుర్రవాళ్ళంతా సైన్యంలోకి వెళ్ళారు, లేబొరేటరీ ఖాళీ అయింది. ఆవిడ దగ్గరున్న గ్రాము రేడియాన్ని సీసపు పెట్టెలో పెట్టుకుని, కిక్కిరిసిన రైల్లో బోర్డో నగరానికి తీసుకెళ్ళి భద్రంచేసి, వెంటనే పారిస్‌కి తిరిగొచ్చింది. ఊరు వదిలి పారిపోయేవాళ్ళు ఒకవైపు, ఊళ్ళోకి వచ్చేది ఆవిడ ఒక్కతీ.

ఏం చెయ్యాలి? నర్సు పని చాలామంది చేస్తున్నారు. తనకి వచ్చిన విద్యతో ఏది చేస్తే ఎక్కువమందికి పనికొస్తుందని ఆలోచించింది. గాయపడ్డ సైనికుడి ఒంట్లో తూటా ముక్క ఎక్కడుందో తెలీక సర్జన్లు వెతుక్కుంటూ కోస్తున్నారు. ఆ వెతుకులాటలోనే ప్రాణాలు పోతున్నాయి. ఎక్స్‌రే కనిపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. పెద్ద ఊళ్ళ ఆస్పత్రుల్లో మెషీన్లు ఉన్నాయి. యుద్ధం జరిగేచోట లేవు.

నన్ను ఆకట్టుకున్నది ఇక్కణ్ణించి ఆవిడ నడిచిన తీరు. కొత్త మెషీన్లు కొనిపెట్టమని ప్రభుత్వం ముందు చెయ్యి చాపి కూర్చోలేదు. మొదట ఉన్నవాటి జాబితా రాసింది. యూనివర్సిటీ లేబొరేటరీల్లో, పరికరాలు తయారుచేసే కంపెనీల్లో ఊరికే పడి ఉన్న ఎక్స్‌రే సామాను ఎక్కడెక్కడ ఉందో తిరిగి కనుక్కుంది. వాటిని పోగుచేసి ఆస్పత్రులకి పంచింది. నడపడానికి మనుషులు కావాలిగా, యుద్ధానికి వెళ్ళని ప్రొఫెసర్లని, ఇంజినీర్లని బతిమాలి స్వచ్ఛందంగా పనికి రప్పించింది. మన ఇళ్ళల్లో కూడా అంతే కదూ. కొత్త స్టీలు డబ్బా కొనేముందు అటకమీద ఏమున్నాయో చూస్తాం.

అయినా కరెంటు లేని చోట ఆస్పత్రికి మెషీను ఇచ్చి ఏం లాభం? అక్కడే ఆవిడకి కారు ఆలోచన వచ్చింది. ఒక మామూలు మోటారు కారులో ఎక్స్‌రే సామాను, ఒక డైనమో పెట్టాలి. కారు ఇంజనే ఆ డైనమోని తిప్పుతుంది, అదే కరెంటు ఇస్తుంది. ఒక మెషీను ఒక ఆస్పత్రిలో ఉంటే పగలంతా పనున్నా లేకపోయినా అక్కడే. అదే కారులో ఉంటే పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఒక ఊరు. పది మెషీన్ల పని ఒకటి చేస్తుంది. మొదటి కారుకి డబ్బిచ్చింది ఫ్రాన్స్‌లోని ఒక స్త్రీల సంఘం. తరవాతవాటికి ఆవిడ డబ్బున్న ఇళ్ళ గుమ్మాలెక్కి కార్లు ఇమ్మని అడిగింది. యుద్ధమయ్యాక ఇచ్చేస్తానని ధైర్యంగా చెప్పేదిట. ఆఫీసర్లు కాగితాలకి అడ్డం పడితే, కాదన్నచోటే మళ్ళీ మళ్ళీ వెళ్ళి కూర్చునేది. రెడ్‌క్రాస్ వాళ్ళు ఆవిణ్ణే ఎక్స్‌రే శాఖకి డైరెక్టరుగా వేశారు.

ఇలా ఇరవై కార్లు తయారయ్యాయి. సైనికులు వాటిని ముద్దుగా చిన్న క్యూరీలు అని పిలుచుకున్నారు. అందులో ఒకటి ఆవిడ తన కోసం ఉంచుకుంది. బూడిదరంగు రెనాల్టు బండి, పక్కన ఎర్ర శిలువ గుర్తు. ఫలానా చోట గాయపడ్డవాళ్ళు వచ్చారని కబురొస్తే చాలు, రూపం పోయిన టోపీ, పాత తోలుసంచీ తీసుకుని ఎక్కి కూర్చునేది. ఏమియాన్, వెర్దాన్, నాన్సీ, ఇలా ఎన్ని ఊళ్ళో. నలభై ఏడేళ్ళ వయసులో శరీరనిర్మాణం, కారు మరమ్మతు నేర్చుకుంది. 1916లో డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంది. చక్రం మార్చడం, కార్బురేటర్ శుభ్రం చెయ్యడం అన్నీ తనే చేసేది. రెండు నోబెల్ బహుమతులు పుచ్చుకున్న చేతులతో!

అరగంటలో ఎక్స్‌రే గది

కారు ఆస్పత్రికి చేరగానే ఏం జరిగేదో చదువుతుంటే నాకు ఆ పెద్దావిడ ఆయాయే కళ్ళముందు కనిపించింది. ముందు గది చూసుకోవడం. ఒకరు కేబుల్ లాగుతుంటే డ్రైవరు కారులో డైనమో తిప్పుతాడు. ఒకరు కిటికీలకి నల్లపరదాలు కడతారు. పక్కగదిలో ఫొటో ప్లేట్లు కడగడానికి తొట్లు సర్దుతారు. ఎవరి పని వారికి ముందే తెలుసు, ఒకరి కోసం ఒకరు ఆగరు. సుమారు అరగంటలో అంతా సిద్ధం. అప్పుడు సర్జన్ని పక్కన కూర్చోబెట్టుకుని తలుపు వేసేవారు.

గాయపడ్డవాళ్ళని స్ట్రెచర్ల మీద వరసగా తెచ్చేవారు. ముందు తెరమీద నీడ చూడడం, అవసరమైతేనే ప్లేటు మీద ఫొటో తీయడం. ప్లేట్లు దండగ చెయ్యడానికి వీల్లేదు కదా. ఒక్కోసారి సర్జను ఆ తెర చూస్తూ అక్కడే ఆపరేషన్ చేసి ముక్క బయటికి తీసేవాడు. వచ్చినవాళ్ళు అయిపోయేదాకా గంటలకొద్దీ, అవసరమైతే రోజులకొద్దీ ఆ చీకటిగదిలోనే ఆవిడ. ఇదేం మెషీనో, నొప్పి పుడుతుందేమోనని పల్లెటూరి కుర్రాళ్ళు బెదిరిపోతే, ఫొటో తీయించుకోవడంలాంటిదే అని మెల్లిగా నచ్చచెప్పేది.

తూటా ఎక్కడుందో చెప్పడమే కాదు, ఎంత లోతులో ఉందో చెప్పడం ముఖ్యం. దానికొక తేలిక లెక్క ఉంది. ఎక్స్‌రే గొట్టాన్ని ఒకచోట ఉంచి ఒక ఫొటో, కొలిచినంత దూరం పక్కకి జరిపి అదే ప్లేటు మీద ఇంకో ఫొటో తీస్తారు. తూటా నీడ రెండుచోట్ల పడుతుంది. ఆ రెండు నీడల మధ్య దూరం కొలిస్తే, స్కూల్లో మనం నేర్చుకున్న త్రిభుజాల లెక్కతో లోతు తెలుస్తుంది. ప్లేటుకి దగ్గరగా ఉన్న ముక్క నీడ తక్కువ జరుగుతుంది, దూరంగా ఉన్నది ఎక్కువ జరుగుతుంది. ఈ లెక్క వేయడానికి పట్టే కొద్ది నిమిషాలు సర్జనుకి ఎంతో సేపటి వెతుకులాట తప్పించేవి.

ఒక ఆస్పత్రిలో పని అయిపోగానే ఆవిడ ఇంకొకటి కూడా చూసేది. ఇక్కడికి కారు మళ్ళీ మళ్ళీ రావలసి వస్తుందా? వస్తుందనిపిస్తే, సామాను ఎక్కడో సంపాదించి, మళ్ళీ వచ్చి ఆ ఆస్పత్రిలోనే శాశ్వతంగా మెషీను పెట్టించేది. అలా 200 ఎక్స్‌రే కేంద్రాలు పెట్టించింది. కార్లూ, కేంద్రాలూ కలిపి యుద్ధం ముగిసేలోపల పది లక్షలమందికి పైగా గాయపడ్డవాళ్ళని చూశాయి.

1915లో ఒకసారి కారు గోతిలో బోల్తాపడింది. సామాను పెట్టెలన్నీ ఆవిడ మీద పడ్డాయి. ఫొటో ప్లేట్లు పగిలి ఉంటాయేమోనన్నదే ఆవిడ మొదటి బెంగట. దెబ్బల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రక్తం మరకల బట్టలు చూసి, పేపర్లో వార్త చూసి పిల్లలు కనుక్కున్నారు. మన అమ్మలు జ్వరం దాచుకుని వంటచేసే తీరే, ఎక్కడైనా ఒకటే కాబోలు.

నూట యాభైమంది అమ్మాయిలు

కార్లు, మెషీన్లు దొరుకుతున్నాయి, నడిపేవాళ్ళే దొరకడంలేదు. మగవాళ్ళని పనికి పెట్టుకుంటే నాలుగు రోజులకి సైన్యం నుంచి పిలుపొస్తుంది, మళ్ళీ మొదటికి. అందుకని 1916లో రేడియం ఇన్‌స్టిట్యూట్‌లోనే ఆడవాళ్ళకి శిక్షణ పెట్టింది. చదువుకున్న పెద్దింటి అమ్మాయిలు, వాళ్ళ పక్కనే ఒకప్పుడు ఇళ్ళల్లో పనిచేసిన అమ్మాయిలు. విద్యుత్తు, ఎక్స్‌కిరణాలు, శరీరనిర్మాణం పాఠాలు, దాంతోపాటు చేతిపని. ఏళ్ళు కాదు, కొన్ని వారాల్లో తయారుచేసేది. సగం చదువు చాలని కాదు. ఆ పనికి ఏది అవసరమో అదే, గట్టిగా, చేత్తో చేయించి నేర్పేది. యుద్ధం ముగిసేసరికి ఇలా 150 మంది తయారయ్యారు. డాక్టర్లు తప్ప తాకకూడదనుకున్న మెషీన్లని ఆ అమ్మాయిలు ఒంటిచేత్తో నడిపారు. ఈనాడు మన ఆస్పత్రుల్లో ఎక్స్‌రే గదిలో కనిపించే ప్రతి అమ్మాయికీ వాళ్ళు అక్కలే.

అందరికంటే ముందు తర్ఫీదయింది ఆవిడ కూతురు ఐరీన్. అప్పటికి పదిహేడేళ్ళు. సరిగ్గా మా అమ్మాయి వయసు. తల్లితోపాటు కార్లో తిరిగి పని నేర్చుకుంది. తరవాత తల్లి ఆ పిల్లని ఒంటరిగా యుద్ధరంగానికి దగ్గర ఆస్పత్రుల్లో వదిలి వచ్చేసింది. పద్దెనిమిదో పుట్టినరోజు అక్కడే గడిచింది. తన తండ్రి వయసు సర్జన్లకి ఆ పిల్ల తూటా ఎక్కడుందో లెక్కకట్టి చెప్పేది. ఆ మధ్యలోనే సోర్బాన్ పరీక్షలు రాసి లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మూడూ మంచి మార్కులతో ప్యాసయింది. ఏ ధైర్యంతో వదిలిందా తల్లి అని రెండు రాత్రులు ఆలోచించాను.

డబ్బు విషయంలోనూ అంతే. ప్రభుత్వం బంగారం అడిగితే ఆవిడ తన పతకాలన్నీ మూటగట్టి తీసుకెళ్ళింది. వాటిని కరిగించడానికి బ్యాంకువాళ్ళకే చేతులు రాలేదు, తీసుకోమన్నారు. రెండో నోబెల్ డబ్బుతో యుద్ధ రుణపత్రాలు కొంది. తరవాత వాటి విలువ కరిగిపోయింది. యుద్ధమయ్యాక ఐరీన్‌కి సైనిక పతకం ఇచ్చారు. తల్లికి ఇవ్వలేదు. ఆవిడ అడగనూ లేదు. నేర్చుకున్నదంతా ఒక పుస్తకంగా రాసి 1921లో ప్రచురించింది. ఆ ఏడాదే అమెరికా స్త్రీలు లక్ష డాలర్లు చందాలు పోగుచేసి ఆవిడ పరిశోధనకి ఒక గ్రాము రేడియం కొనిచ్చారు. తను కనిపెట్టిన రేడియం తనే కొనుక్కోలేకపోయింది మరి.

ఒక్కచోట తప్పిన లెక్క

ఇంతవరకూ చదివి పుస్తకం మూసేస్తే బాగుండేది. కాని మా ఇంట్లో తేలవలసిన విషయం దాని తరవాత పేజీల్లో ఉంది.

అన్నీ కొలిచి చూసే ఆ మనిషి ఒక్కటి కొలవలేదు. తన ఒంట్లోకి ఎన్ని కిరణాలు వెళ్ళాయన్నది. కిరణాలు చర్మాన్ని కాలుస్తాయని అప్పటికే తెలుసు. సీసపు తెరలు, చేతి తొడుగులు ఉండేవి, కాని అరకొరగా. గాయపడ్డవాళ్ళు గుమ్మంలో బారులుతీరి ఉంటే వాటిని పట్టించుకునే తీరిక ఎవరికి? తరవాతి రోజుల్లో ఆవిడ కళ్ళకి శుక్లాలు వచ్చాయి, వేళ్ళు కాలి గట్టిపడ్డాయి. 1934 జూలై 4న, 66 ఏళ్ళ వయసులో, రక్తం తయారుకాని జబ్బుతో ఆల్ప్స్ కొండల్లో ఒక శానటోరియంలో కన్నుమూసింది. ఆవిడ రాసుకున్న నోటుపుస్తకాల్లో రేడియోధార్మికత ఈనాటికీ పోలేదు. వాటిని సీసపు పెట్టెల్లో దాచి ఉంచారు. ఐరీన్ భర్తతో కలిసి 1935లో నోబెల్ అందుకుంది. ఆవిడ కూడా 1956లో రక్తకేన్సరుతోనే పోయింది.

1995 ఏప్రిల్‌లో మేరీ, పియరీల అవశేషాలని పారిస్‌లో దేశనాయకుల సమాధిమందిరం పాంథియాన్‌కి తరలించారు. తన సొంత ప్రతిభ వల్ల అక్కడ చోటు సంపాదించుకున్న మొదటి స్త్రీ ఆవిడ. ఆ సందర్భంలో శవపేటిక తెరిచి పరీక్షచేసిన నిపుణులు, ఆవిడ జబ్బుకి రేడియం కన్నా యుద్ధకాలంలో ఒంటికి తగిలిన ఎక్స్‌రేలే ఎక్కువ కారణమై ఉండవచ్చని అభిప్రాయపడ్డారు. ఇది చదివాక చాలాసేపు నేను లేవలేదు. ఆ గోడమేకుకి వేలాడుతున్న ఏప్రనే కళ్ళముందు.

ఆవిడకి తెలీదు. మనకి తెలుసు. తేడా అంతా అక్కడే. ఈ రోజుల్లో ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ళకి ఛాతీమీద ఒక చిన్న బ్యాడ్జి ఇస్తారు. మూడు నెలలకోసారి దాన్ని లేబొరేటరీకి పంపితే ఒంటికి ఎంత తగిలిందో లెక్క తెలుస్తుంది. మేడమ్ క్యూరీకి లేని ఖర్చుల పుస్తకం అది. సీసపు ఏప్రన్ ఉంటుంది. దాన్ని మడతపెడితే లోపల పగుళ్ళు వస్తాయి, అందుకే వేలాడదీస్తారు. వేలాడదీయడం మంచిదే, వేసుకోవడం ఇంకా మంచిది. పసివాణ్ణి పట్టుకోవలసి వస్తే రోజూ అక్కడుండే అమ్మాయి కాదు, ఆ ఒక్కరోజు వచ్చిన తల్లో తండ్రో ఏప్రన్ వేసుకుని పట్టుకోవాలి.

ఆస్పత్రి నడిపేవాళ్ళకి ఖర్చు తగ్గాలి, నిజమే. ఖర్చు తగ్గితే మనకి బిల్లూ తగ్గుతుంది. కాని ఎక్కడ తగ్గించాలి? ఖాళీగా పడున్న మెషీనులో తగ్గించవచ్చు. పేరు రాసుకునే చోట, పిలిచే చోట, పిన్నీసు చూసుకోక రెండోసారి తీసే చోట తగ్గించవచ్చు. ఫిలిం రోజులు పోయాయి కనక రెండోసారి తీస్తే ఖర్చేమీ లేదనుకుంటారు. రోగికి కిరణాలు రెండోసారి తగులుతాయి, బయట ఉన్నవాళ్ళ సమయం రెండోసారి పోతుంది. ఒక ఆయాని తలుపు దగ్గర నిలబెట్టండి, పసుపుతాడు ఉండ ఇవ్వండి. ఏప్రన్ వేసుకునే ఆ అరనిమిషం మాత్రం తగ్గించకండి.

మనం చేయగలిగిందీ ఉంది. ఎక్స్‌రేకి వెళ్ళేరోజు నగలు, పిన్నీసులు ఇంట్లోనే పెట్టి వెళదాం. కడుపుతో ఉంటే, ఉన్నామన్న అనుమానమున్నా, సిగ్గుపడకుండా ముందే చెబుదాం. పాత ఎక్స్‌రేలు పారేయకుండా దాచుకుందాం. ఉన్నది చూపిస్తే మళ్ళీ తీయించే పని తప్పవచ్చు.

ఇదంతా మావారికి మూడు రాత్రులు కథలా చెప్పాను. ఆయన చివరికి అడిగింది ఒక్కటే, ఆ బ్యాడ్జి సంగతి నిజమేనా అని. నిజమేనన్నాను. మర్నాడు పొద్దున దరఖాస్తు ఫారంలో తండ్రి సంతకం ఉండాల్సినచోట సంతకం కనిపించింది.

మా అమ్మాయిని కూర్చోబెట్టి రెండు మాటలే చెప్పాను. ఎంత మంది బయట కాచుకున్నా సరే, ఏప్రన్ వేసుకున్నాకే మీట నొక్కమన్నాను. ఎవరికైనా తొందరగా ఉందంటే, మేడమ్ క్యూరీ గారి సంగతి చెప్పమన్నాను. మా అత్తగారు చేతికర్ర పట్టుకుని వచ్చి విన్నారు. మనవరాలే తీస్తే మాత్రం పుస్తెలు తీసే పని లేకుండా చూడమని షరతు పెట్టారు. పసుపుతాడు ఉండ కొని తెచ్చి ఉంచాను.